మురుగునీటి మేత – మన పాడి
(సభ్యుల శిక్షణ సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



నేను సంఘాల లెక్కలు తనిఖీ చేసేవాణ్ణి గాని పశువైద్యుణ్ణి కాను. అయినా ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం ఉంది. మన కేంద్రంలో వెన్నశాతం, ఎస్.ఎన్.ఎఫ్. చూసి ధర కడతాము. ఆ గేదె ఏ నీటితో పెరిగిన గడ్డి తిన్నదో లాక్టోమీటరు చెప్పదు. ఒకరి పాలు అందరి పాలలో కలిసిపోతాయి.

హైదరాబాదు దిగువన మూసీ వెంట, పీర్జాదిగూడ వంటి గ్రామాలలో నగరపు మురుగునీటితో పారాగడ్డి పెంచి ఎందరో పాడి నడుపుకున్నారు. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వేసవిలోనూ ఆగని నీరు, అందులో ఖర్చు లేని నత్రజని, భాస్వరం. ఎవరు వదులుకుంటారు? తరువాత శుద్ధి కేంద్రాలు వచ్చాయి. అంబర్‌పేట కేంద్రం ఒక్కటే రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యంతో కట్టినది. అయితే శుద్ధి చేసిన నీరు శుద్ధి కాని నీటిలో కలిస్తే మళ్లీ మురుగునీరే గదా! గనుక మీ మడికి వచ్చే నీరు దారిలో దేనితో కలుస్తున్నదో ముందు చూసుకోండి. రంగుల, తోళ్ల కర్మాగారాల నీరు కలిసేచోట మేత వేయనే వద్దు. లోహాలు కుంటలో నిలవబెట్టినంత మాత్రాన పోవు.

ఇక నట్టల గుడ్లు. క్లోరినుకు ఇవి తేలికగా చావవు. కాని బరువైనవి, నిలకడ నీటిలో అడుగుకు దిగుతాయి. అందుకే మేతపైర్లకు పెట్టే నీటిలో, మనిషి పేగుల్లో పెరిగే గుండ్రటి పురుగుల గుడ్లు సగటున లీటరుకు ఒకటి మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో చెప్పింది. నీటిని కుంటల్లో 8 నుండి 10 రోజులు నిలవ ఉంచడం అందుకు మార్గం. ఒక్క రైతుకు ఇది కష్టం. పదిమంది కలిస్తే పాత కుంట ఒకటి బాగుచేసుకోవచ్చు.

బాగా క్రిమిసంహారం చేయని నీరైతే, తడి ఆపిన 15 రోజుల వరకు పాడిపశువులను ఆ బీడులోకి వదలరాదని అమెరికా పర్యావరణ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కోసి వేసే గడ్డికీ ఇదే పాటించడం మేలని నా అభిప్రాయం. "అన్నాళ్లు ఆపితే గడ్డి వాడిపోదా?" అంటారు. మడిని మూడు భాగాలు చేయండి. ఒకటి ఆరుతుండగా మిగతా రెండూ పారుతుంటాయి. బోరు ఉన్నవారు చివరి తడులు బోరునీటితో ఇవ్వవచ్చు. నీరు బోదెల్లో పారించండి, ఆకుల మీద చల్లవద్దు. జానెడు మోడు వదిలి కోసి, ఎండలో వాడ్చి వేయండి.

ఎండ చేయలేని పని ఒకటుంది. నత్రజని ఎక్కువైతే గడ్డిలో, ముఖ్యంగా కాండం అడుగుభాగంలో, నైట్రేటు పేరుకుంటుంది. ఎండబెట్టినా అది పోదు. ఎక్కువగా తిన్న పశువు రొప్పుతుంది, తూలుతుంది, రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. గంటల్లో ప్రాణం పోవచ్చు. అలా కనబడితే నాటువైద్యం చూసుకుంటూ కూర్చోక వెంటనే డాక్టరును పిలవండి, దీనికి ఇంజెక్షను ఉంది. మురుగునీరు పారే మడికి యూరియా వేయడం మానండి. సొంత డబ్బుతో ముప్పు కొనుక్కోవడమే అది. పచ్చిగడ్డిని వరిగడ్డితో కలిపి వేయండి.

పొదుగు కడగడానికి, పశువు తాగడానికి మాత్రం మంచినీరే వాడండి. ఆ మడిలో దిగివచ్చిన చేతులతో పాలు పితకవద్దు. పశువైద్యాధికారి గారు ఇక్కడే ఉన్నారు. మేత పరీక్షకు నమూనా ఎలా తీయాలో ఆయన ఇప్పుడు చూపిస్తారు.