సూరత్ తెలుగు పెద్దలకు అందని వైద్య సమాచారం



ఈ సాయంత్రం నేను ఒక్క విషయం గురించే మాట్లాడతాను. వృద్ధుల ఆరోగ్యం గురించి లోకంలో సమాచారానికి కరువు లేదు. ఐక్యరాజ్య సమితి 2021 నుంచి 2030 దాకా ఉన్న పదేళ్ళను ఆరోగ్యకరమైన వార్ధక్యానికి కేటాయించింది. మన కేంద్ర ప్రభుత్వం వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు 2010లోనే ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. పత్రికల ఆరోగ్య పేజీలున్నాయి, ఉచిత ఫోన్ నంబర్లున్నాయి, వీడియోలకు లెక్కే లేదు. అయినా సూరత్‌లో సాంచాల (మరమగ్గాల) మీద ముప్పై నలభై ఏళ్ళు పనిచేసి ఇంటిపట్టున కూర్చున్న మన పెద్దమనిషికి వీటిలో అక్కరకొచ్చేది చాలా తక్కువ. ఆ సమాచారమంతా జబ్బుల వారీగా ఉంది, రాష్ట్రాల వారీగా ఉంది, చదవగలిగినవాళ్ళ కోసం ఉంది. మనవాళ్ళకు కావలసింది మనిషి వారీగా, నోటిమాటగా, ఈ ఊళ్ళోనే తయారు కావాలి. దాన్ని తయారు చేయాల్సింది మనమే అని నా వాదన.

ముందు ఆ మనిషి ఎవరో చూద్దాం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల్లో చేమగ్గాలు కూడు పెట్టడం మానేశాక పద్మశాలి కుటుంబాలు షోలాపూర్‌కు, భీవండికి, అహ్మదాబాద్‌కు, సూరత్‌కు దారిపట్టాయి. ఇక్కడ ఎంతగా స్థిరపడ్డారంటే నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా నడుస్తోంది. కానీ సూరత్ ఎప్పుడూ తనను వయసు పిల్లల ఊరుగానే చూసుకుంది. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళు ఇక్కడ పనిచేసి, సత్తువ తగ్గాక సొంతూరికి పోతారన్నది అందరి లెక్క. ఆ లెక్క తప్పింది. కొడుకులూ కోడళ్ళూ ఇక్కడే ఉన్నారు, ఊళ్ళో ఇల్లు కూలిపోయింది లేదా అన్నదమ్ముల పాలైంది. డెబ్బైల్లో, ఎనభైల్లో ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళుగా రైలు దిగినవాళ్ళు ఇప్పుడు ఇక్కడే ముసలివాళ్ళవుతున్నారు. వాళ్ళ ముసలితనానికి ఏర్పాటు ఎవరి పద్దులోనూ లేదు.

ఇక వాళ్ళ ఒంటి సంగతి. 45 ఏళ్ళు దాటిన 72 వేల మందికి పైగా భారతీయులను 2017–18లో పరిశీలించిన లాసీ అనే జాతీయ వార్ధక్య అధ్యయనం ఫలితాలు 2021లో వెలువడ్డాయి. అరవై దాటినవాళ్ళలో నూటికి 75 మందికి ఏదో ఒక దీర్ఘకాలిక జబ్బు ఉందని అది తేల్చింది. ఆ వయసులో జబ్బు ఒంటరిగా రాదు. బీపీ ఉన్నవారికి షుగర్ తోడవుతుంది, ఆ రెంటికీ మోకాళ్ళ నొప్పులు తోడవుతాయి, నిద్ర పట్టదు. మన ఆరోగ్య సమాచారం మాత్రం బీపీకి ఒక పేజీ, షుగర్‌కు ఒక పేజీ, కీళ్ళనొప్పులకు ఒక పేజీ అని విడివిడిగా ఉంటుంది. ఒక్కో పేజీ దానికదే నిజం. ప్రమాదమంతా పేజీకీ పేజీకీ నడుమ ఉంది.

ఉదాహరణకు బీపీకి టెల్మిసార్టన్ వాడే మనిషి ఒంట్లో నీరు తగ్గడానికి ఇంకో గోళీ కూడా వేసుకుంటున్నాడనుకోండి. మోకాలు పీకుతుంటే మెడికల్ షాపుకు పోయి డైక్లోఫెనాక్ అడిగి తెచ్చుకుంటాడు. ఈ మూడూ కలిస్తే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. సూరత్ ఎండల్లో చెమటపట్టి, నీళ్ళు తక్కువ తాగితే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. షుగర్‌కు మన దేశంలో ఏళ్ళ తరబడి వాడిన గ్లిబెన్‌క్లమైడ్ అనే మందు పెద్దవయసువారిలో చక్కెరను మరీ దించేసి, చాలాసేపు పైకి రానివ్వదు. అప్పుడు మనిషి తికమకగా మాట్లాడతాడు, తూలుతాడు. ఇంట్లోవాళ్ళు ‘వయసు మీద పడింది’ అనుకుంటారు. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ వల్ల కొందరికి మూత్రం బిగుసుకుపోతుంది, మతి మందగిస్తుంది. నిద్రమాత్ర వేసుకుని రాత్రి బాత్‌రూమ్‌కు లేచి పడితే తుంటి ఎముక విరగవచ్చు. అమెరికాలో మార్క్ బీర్స్ అనే వైద్యుడు 1991లో పెద్దవయసువారికి ఇవ్వకుండా ఉండటమే మేలైన మందుల జాబితా ఒకటి తయారు చేశాడు. దాన్ని ఇప్పటికీ సవరిస్తూనే ఉన్నారు, 2023లో కూడా సవరించారు. అంటే జ్ఞానం ముప్పై ఏళ్ళుగా సిద్ధంగానే ఉంది. ఇక్కడి లింబాయత్ గల్లీలో ఉన్న మందుల సంచీకీ ఆ జాబితాకూ మధ్య మనిషి లేడు.

దీనికి మన దేశం తాలూకు చిక్కు ఒకటి తోడవుతుంది. ఒకే మందు ఇక్కడ పదుల కొద్దీ కంపెనీ పేర్లతో అమ్ముడవుతుంది. ‘స్మీమేర్’ ఆసుపత్రిలో రాసిన ఆమ్లోడిపిన్ ఒక పేరుతో, వీధి చివర డాక్టరు రాసిన ఆమ్లోడిపిన్ ఇంకో పేరుతో, ఊరికి పోయినప్పుడు అక్కడ రాయించుకున్నది మూడో పేరుతో ఉంటాయి. మూడు రంగుల అట్టలు చూసి మూడు వేర్వేరు మందులనుకునే మనిషిది తప్పు కాదు.

చదువు సంగతికి వస్తే, 2011 జనగణన ప్రకారం దేశంలో అరవై దాటినవాళ్ళలో అక్షరాస్యులు నూటికి 44 మందే. ఆడవాళ్ళలో 28 మంది. మన పెద్దల్లో చదవగలిగినవాళ్ళు కూడా తెలుగు చదువుతారు. ఇక్కడి ఆరోగ్య కేంద్రం గోడ మీద గుజరాతీ ఉంటుంది, మందుల చీటీ మీద ఇంగ్లీషు ఉంటుంది. కాబట్టి మంచి తెలుగు పుస్తకం అచ్చువేసి పంచితే సరిపోతుందనుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే. తెలుగులో వైద్యరచన లేక కాదు. కొమర్రాజు అచ్చమాంబ గారు తల్లుల కోసం, పసిపిల్లల కోసం రాశారు. సమరం గారు దశాబ్దాలుగా సామాన్యులకు అర్థమయ్యేలా రాస్తున్నారు. ఆ శ్రమంతా గొప్పది, కానీ చదువరి ఉంటేనే అది ఫలిస్తుంది.

పోనీ, ఫోన్ ఉంది కదా అంటారు. వృద్ధుల సహాయానికి 14567 అనే ఉచిత నంబరు ఉంది. అది 2017లో మన హైదరాబాద్‌లోనే టాటా ట్రస్ట్స్ చొరవతో మొదలై, తర్వాత దేశమంతటికీ పాకింది. మంచి పని, మీలో ప్రతి ఒక్కరూ ఆ నంబరు రాసిపెట్టుకోవాలి. కానీ అది రాష్ట్రాల వారీగా నడుస్తుంది. గుజరాత్‌లో ఉండి తెలుగు మాత్రమే వచ్చిన ముసలమ్మ ఆ ఏర్పాటు తయారు చేసినవాళ్ళ ఊహలోకి రాలేదు. అంతకన్నా ముఖ్యమైనది వినికిడి. పవర్‌లూమ్ షెడ్డులో శబ్దం 90 డెసిబెళ్ళు దాటుతుందని పదేపదే కొలిచి చూశారు. రోజుకు ఎనిమిది గంటలకు 85 డెసిబెళ్ళు మించకూడదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు. మనవాళ్ళు పన్నెండు గంటల పాళీలు (షిఫ్టులు) చేశారు. ఆ శబ్దానికి దెబ్బతిన్న చెవికి గొంతు వినబడుతుంది గాని మాటలోని హల్లులు తెలియవు. ‘రెండు పూటలా’ అన్నారో ‘రెండు రోజులకా’ అన్నారో తేల్చుకోలేక, మళ్ళీ అడగడానికి సిగ్గుపడి, తల ఊపి వచ్చేస్తారు. మతిమరుపు జబ్బుకు నివారించదగ్గ 14 కారణాలను లాన్సెట్ కమిషన్ 2024లో చెప్పింది. వినికిడి లోపం అందులో ఒకటి. మన సామాజిక వర్గం మొత్తం తన వృత్తి వల్ల ఈ ముప్పులోకి నడిచింది. దీని గురించి మన సభల్లో ఒక్క మాటైనా రాకపోవడం నాకు బాధగా ఉంటుంది.

సూరత్‌కు సమాచారం విలువ తెలియదని అనలేం. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త పాకినప్పుడు లక్షలమంది రోజుల వ్యవధిలో ఊరు విడిచారు. దుకాణాల్లో టెట్రాసైక్లిన్ ఖాళీ అయింది. నిజం కన్నా పుకారు ముందు నడిచింది. తర్వాత 1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు కాలంలో ఈ నగరం ఊడ్చుకోవడమే కాదు, ఎక్కడ ఎవరికి ఏ జ్వరం వచ్చిందో రోజూ లెక్క తీయడం నేర్చుకుంది. మలేరియా లాంటి జ్వరాలకు ఆ లెక్కలు ఎంతో పనికొచ్చాయి. అయితే అదంతా కిందినుంచి పైకి పోయే సమాచారం. పైనుంచి కిందికి, ఒక్కొక్క ముసలి మనిషి గుమ్మందాకా, అతని భాషలో దిగే దారి ఇంకా పడలేదు.

ఇప్పుడు అభ్యంతరాలు. పిల్లలు చదువుకున్నారు, వాళ్ళు చూసుకుంటారు కదా అని మొదటి మాట. చూసుకుంటున్నారు, కాదనను. కానీ కొడుకు కార్ఖానాలోనో మార్కెట్‌లోనో ఉంటాడు, ఆసుపత్రికి వెంట పోయేది చాలాసార్లు పదిహేనేళ్ళ మనవడు. మూత్రం ఆగడం లేదని, గర్భసంచి జారిందని ఏ నాయనమ్మ మనవడి చేత డాక్టరుకు చెప్పిస్తుంది? చెప్పదు. లోలోపల దాచుకుని నీళ్ళు తాగడం తగ్గిస్తుంది. అది ఇంకో జబ్బుకు దారి.

రెండో అభ్యంతరం వైద్యుల నుంచి వస్తుంది, దాన్ని నేను గౌరవిస్తాను. సగం తెలిసినవాళ్ళు మందులు మానేస్తారు, డాక్టరును సతాయిస్తారు, కాబట్టి ఇలాంటి సమాచారం ప్రమాదమంటారు. ఇందులో నిజముంది. ఇప్పుడు నేను చెప్పిన మందుల పేర్లు విని రేపు ఎవరైనా గోళీ ఆపేస్తే నా ఉపన్యాసమే కీడు చేసినట్టు. దయచేసి ఎవరూ ఏదీ ఆపవద్దు. కానీ సమాచారం ఇవ్వకపోతే జనం సమాచారం లేకుండా ఉండిపోరు. వాట్సాప్‌లో వచ్చిన కషాయం నమ్ముతారు. అందుకే నేనడిగేది సలహాల పుస్తకం కాదు. డాక్టరు ముందు పెట్టడానికి నిజమైన వివరాలు, అడగడానికి సరైన ప్రశ్న.

మూడోది, ఫోన్‌లోనే ఇప్పుడు ఏ భాషలోకైనా తర్జుమా అవుతుంది కదా అన్నది. అవుతుంది, వాడుకుందాం. అయితే సంచీలో ఏ ఏ గోళీలున్నాయో ఫోన్‌కు చెప్పాల్సింది మళ్ళీ మనిషే. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2003లో ప్రత్యేకంగా పెద్దవాళ్ళ కోసమే ఒక సమాచార కేంద్రాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాయి. పెద్ద అక్షరాలు, చిన్న చిన్న భాగాలు, చదివి వినిపించే గొంతు అందులో ఉండేవి. దాన్ని 2017లో మూసి, ఆ విషయాన్ని వేరేచోట కలిపారు. అంత వనరులున్నచోటే పెద్దవాళ్ళకని విడిగా కట్టిన సమాచార కేంద్రం పద్నాలుగేళ్ళే నడిచింది. మనం మనుషుల మీద ఆధారపడటం మేలు.

కాబట్టి నా ప్రతిపాదన చిన్నది. ప్రతి పెద్దమనిషికీ ఒక్క కాగితం. ఒకవైపు తెలుగు, ఒకవైపు గుజరాతీ. అందులో వేసుకుంటున్న ప్రతి మందు అసలు పేరు, మోతాదు, ఎవరు ఎందుకు రాశారో, పడని మందులు, ఈ ఏడాది కిందపడ్డారా లేదా, ఏ చెవి ఎంత వినబడుతుంది, ఆపదలో ఎవరిని పిలవాలి. కింద ఒకే ప్రశ్న: ‘ఈ మందులన్నీ నా వయసుకు కలిపి వేసుకోదగ్గవేనా?’ ఇంటింటికీ పోయి సంచీ బోర్లించి రాసేది మన తెలుగు బడుల్లో చదివిన యువతీయువకులు. రాసినదాన్ని సరిచూసేది ఒక ఫార్మసిస్టు, తర్వాత ఒక డాక్టరు. రాసినవాళ్ళు దాన్ని పెద్దవాళ్ళ ఎదురుగా కూర్చుని, ముఖం కనబడేలా, నిదానంగా చెప్పి, తిరిగి వాళ్ళ నోటితో చెప్పించుకోవాలి. చెప్పించుకోనిదే పని అయిపోయినట్టు కాదు. మందు మారిన ప్రతిసారీ కాగితం మారాలి. సరిచూసేవాళ్ళ దగ్గరికి, డాక్టరు దగ్గరికి తప్ప ఇల్లు దాటకుండా, ఎవరి చేతా ఫొటో తీయించకుండా అది ఆ మనిషి సొత్తుగానే ఉండాలి.

అదే రాకపోకల్లో ఇంకో సంగతి చెప్పవచ్చు. 2024 అక్టోబరు 29 నుంచి డెబ్బై నిండిన ప్రతివారికీ, ఆదాయంతో పనిలేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల ఆయుష్మాన్ చికిత్స సౌకర్యం ఉంది. ఆ కార్డు పథకం అమలవుతున్న ఏ రాష్ట్రంలోనైనా, అందులో చేరిన ఆసుపత్రిలో చెల్లుతుంది. మన ఆరోగ్యశ్రీ ఊళ్ళో ఉండిపోయిందని బాధపడేవాళ్ళకు ఇది తెలియాలి. అది ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుందని, రోజూ వేసుకునే బీపీ గోళీకి వర్తించదని కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. సగం చెబితే ఆశపడి పోయి వెనక్కి వస్తారు.

వేదిక మీదున్న వైద్యులకు ఒక్క మనవి. మందు అసలు పేరును స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని వైద్య మండలి నియమాల్లో 2016 నుంచి ఉంది. మా పిల్లలు గుజరాతీలోకీ తెలుగులోకీ ఎక్కించాల్సింది ఆ పేరునే. మీ చీటీలో అది చదవగలిగేలా ఉంటే ఈ పని సగం అయినట్టే.

ఏ ఇంటికి ముందు పోవాలన్నది కమిటీవారు ఇప్పుడే తేల్చుకోవాలి. పేరున్న పెద్దల ఇళ్ళతో మొదలుపెట్టడం మన సభల అలవాటు. ఈసారి అది వద్దు. భర్త పోయి, కొడుకు పాళీకి పోతే పగలంతా ఒక్కతే ఉండే ముసలమ్మ, గుజరాతీ రాక, చెవి వినబడక, మేడ మీది గదిలోంచి కిందికి దిగలేక ఉన్నవాళ్ళు ఎక్కడెక్కడున్నారో ఈ హాల్లో కూర్చున్న ఆడవాళ్ళకు తెలుసు. టీ తాగే లోపు వాళ్ళను అడిగి ఆ పేర్లు రాసుకోండి.