పట్టాల నడుమ దూరము

కాజీపేట జంక్షనులో బండి కొరకు ఎదురుచూచుచున్నపుడు పట్టాల నడుమ దూరమును గూర్చి ఎవరును ఆలోచింపరు. ఆ దూరము 5 అడుగుల 6 అంగుళములు. ఇది ప్రకృతి విధించిన కొలత కాదు. 1850 ప్రాంతమున, డల్హౌసీ ప్రభువు గవర్నరు జనరలుగా నున్న కాలమున, కొందరు కూర్చుండి నిర్ణయించినది. ఇంగ్లండులో 1846 నాటి చట్టము 4 అడుగుల 8½ అంగుళముల పట్టాకే పట్టము గట్టియుండెను. అయినను బండి నిలుకడగా నడచునను ఆశతో ఇచ్చట వెడల్పును పెంచిరి.

ఇరువది యేండ్లు గడచునప్పటికి ఖర్చు భారమయ్యెను. తక్కువ సొమ్ముతో ఎక్కువ దూరము వేయవచ్చునని మేయో ప్రభువు కాలమున మీటరు గేజిని ప్రవేశపెట్టిరి. నాటినుండి ఈ దేశములో రెండు కొలతలు.

మన నిజాము రాజ్యము రెండింటిని చవిచూచినది. వాడి నుండి సికింద్రాబాదునకు 1874లో వచ్చిన మార్గము పెద్దగేజి. అదియే 1886లో వరంగల్లునకును, 1889లో బెజవాడకును సాగినది. కాని సికింద్రాబాదు నుండి నిజామాబాదు, నాందేడు, ఔరంగాబాదుల మీదుగా మన్మాడు వరకు 1901 నాటికి పూర్తియైన మార్గము మీటరు గేజి. ఇక చూడుడు. వరంగల్లు తివాచీల మూట ఒకటి ఔరంగాబాదు చేరవలెను. సికింద్రాబాదు వరకు సుఖముగా పోవును. అచ్చట వ్యాగను ఆగిపోవును. హమాలీలు మూటను దింపి, మోసి, వేరొక వ్యాగనులోని కెక్కింపవలెను. మూట ముందుకు పోవును, వ్యాగను వెనుకకు మరలును. ఆ దింపుడు కూలి, ఆ ఆలస్యము, ఆ నడుమ తడిసినదియు చిరిగినదియు ఎవరి ఖాతాలో పడును? పట్టా కొలతను నిర్ణయించిన వారి ఖాతాలో మాత్రము కాదు.

అట్లని మీటరు గేజి వేసినవారిని మేము నిందింపము. పెద్దగేజికి సొమ్ము చేకూరువరకు ఆగియున్నచో కొన్ని తాలూకాలు బండికూతను ఎన్నడు వినెడివో! లోపము చిన్న పట్టాలో లేదు, రెండును కలిసిన చోట నున్నది. ఆ అతుకును తొలగించుటకు రైల్వేవారు 1992లో ఏకగేజి పథకమును చేపట్టి, దశలవారిగా పాత పట్టాలను మార్చవలసివచ్చెను.

ఇది పాతకథ యని రేడియో కట్టివేయకుడు. ఇదియే కథ మన జేబులలోను నడచినది.

మనదేశములో చేతిఫోను 1995లో వచ్చినది. ఐరోపాలో రూపొందిన జి.ఎస్.ఎం. పద్ధతి అది. అందు ఒక తరంగముపై పలువురు వంతులవారీగా మాటలాడుదురు. అమెరికాలోని క్వాల్‌కామ్ కంపెనీ వృద్ధిచేసిన సి.డి.ఎం.ఎ. పద్ధతి వేరు. అందరును ఒకేసారి మాటలాడుదురు, కాని ఒక్కొక్కరికి ఒక్కొక్క సంకేతము. ఒకే గదిలో ఇద్దరు తెలుగులోను, ఇద్దరు ఉర్దూలోను, ఇద్దరు మరాఠీలోను సంభాషించుచున్నను ఎవరి మాట వారికి వినబడునట్లు. అదే తరంగముపై ఎక్కువమందికి చోటు దొరకునని దాని పక్షమువారు వాదించిరి.

అయితే మనయొద్ద పోరు శాస్త్రజ్ఞుల నడుమ కంటె లైసెన్సుల నడుమ ఎక్కువగా జరిగినది. తీగ టెలిఫోను నడపు కంపెనీలు పరిమిత ప్రాంతములో తీగలేని ఫోను ఇచ్చుకొనవచ్చునని 2001లో ప్రభుత్వము అనుమతించెను. ఆ కంపెనీలు సి.డి.ఎం.ఎ.ను చేపట్టినవి. భారీ రుసుము చెల్లించి చేతిఫోను లైసెన్సులు పొందిన జి.ఎస్.ఎం. వారు ఇది దొడ్డిదారి యని వ్యాజ్యమునకు దిగిరి. 2003 నవంబరులో ఏకీకృత లైసెన్సు వచ్చువరకు ఆ తగవు తీరలేదు. ఇంతలో 2002 డిసెంబరులో రిలయన్సువారు సి.డి.ఎం.ఎ. సేవను ప్రారంభించి, 2003 జూలైలో 501 రూపాయలు ముందుగా కట్టినవారికి ఫోను చేతికిచ్చు పథకమును ప్రకటించిరి. సామాన్యునికి ఫోను అందినది. ఆ మేలును మరువరాదు.

కాని ఆ ఫోనులలో పెక్కింటికి విడిగా తీయదగిన సిమ్ము లేదు. నంబరు ఫోనులోనే నాటబడియుండెను. 2011 జనవరిలో నంబరు మార్చుకొనకయే కంపెనీ మార్చుకొను హక్కు దేశమంతట వచ్చెను. అప్పుడు నంబరు ముందుకు పోయినది, ఫోను వెనుక మిగిలినది. సికింద్రాబాదులో మూటయు వ్యాగనును విడిపోయినట్లే కాదా?

ప్రపంచమున జి.ఎస్.ఎం. దేశములు ఎక్కువ, ఫోనులు తయారుచేయువారు ఎక్కువ, కావున ధర తక్కువ. 2009లో రిలయన్సు, టాటా కంపెనీలే జి.ఎస్.ఎం. వైపు విస్తరించినవి. ఇచ్చట ఒక వింత కలదు. జి.ఎస్.ఎం. వంశములో పుట్టిన మూడవతరము పద్ధతి సంకేతముల యుక్తినే స్వీకరించినది. ఆ యుక్తిపై పేటెంట్లు గల క్వాల్‌కామ్‌కు రుసుము అటునుండియు ముట్టినది. ఓడినవాడెవడో చెప్పుట మాకు కష్టముగా నున్నది, నష్టపోయినవాడు మాత్రము పాతఫోను చేతబట్టుకొన్నవాడు. నాలుగవతరములో ఇరుపక్షములును ఎల్.టి.ఇ. యను ఒకే బాటకు చేరినవి.

ఇన్ని జరిగినను, 2017లో ప్రారంభమైన హైదరాబాదు మెట్రోకు మరల వేరుకొలత పట్టాలు, 1435 మిల్లీమీటర్లవి, వేసిరి. ఆ బండి ఎన్నడును కాజీపేటకు రానక్కరలేదు, మన బండి అమీరుపేటకు పోనక్కరలేదు. వరంగల్లు ప్రయాణికుడు సికింద్రాబాదులో దిగి, తన సంచి తానే పట్టుకొని, మెట్లెక్కి మెట్రోలో కూర్చుండును. అచ్చట కలియవలసినది టిక్కెట్టు ఒక్కటే, దానికి మాత్రము ఇంకను రెండు కిటికీలు.