కచేరీ హాల్లో ఎక్కడ కూర్చోవాలి?



సిడ్నీ ఒపెరా హౌస్ బొమ్మ చూడనివారు అరుదు. సముద్రపు ఒడ్డున తెల్లని తెరచాపలు ఎత్తినట్టుంటుంది. డెన్మార్క్ వాస్తుశిల్పి యోర్న్ ఉట్జన్ నమూనా 1957లో ఎంపికైతే, 1973లో తలుపులు తెరిచారు. కప్పు మీది పలకలే పది లక్షల పైచిలుకు. ఇంతా చేసి లోపలి కచేరీ హాల్లో ఓ లోటు ఉండిపోయింది. వేదిక మీది వాద్యగాళ్లకు పక్కవాళ్ల వాద్యం సరిగా వినిపించేది కాదు. 2020లో మూసి, మరమ్మతు చేసి, 2022లో మళ్లీ తెరిచారు. కంటికి నచ్చిన హాలు చెవికి నచ్చడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టిందన్నమాట.

మన విజయనగరం సంగీత కళాశాలకు అలాంటి కప్పేమీ లేదు. 1919లో విజయరామ గజపతిరాజు దాన్ని స్థాపించారు. కొలువులోని ఓ ఉద్యోగిగారి అబ్బాయికి చూపు లేదట, అతను సంగీతం నేర్చుకునేందుకే ఈ బడి పెట్టించారని చెబుతారు. తొలి ప్రిన్సిపాల్ హరికథా విద్వాంసులు ఆదిభట్ల నారాయణదాసుగారు. వయొలిన్ నేర్పడానికి చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారికి అప్పటికి దాదాపు పాతికేళ్ల ప్రాయం. ఘంటసాల, సుశీల ఇక్కడ చదువుకున్నవారే.

ఇంతకీ ఒపెరా అంటే పాటతో నడిచే నాటకం. అందుకు గాయకులు, వాద్యబృందం, రంగాలంకరణ, ఎంతో హంగు కావాలి. మన హరికథలో కథ చెప్పే దాసుగారు ఒక్కరే చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు, మెడలో పూలదండతో రుక్మిణి అవుతారు, మరుక్షణం శిశుపాలుడవుతారు. నారాయణదాసుగారైతే చేతులు, కాళ్లు, తలతో ఒకేసారి ఐదు తాళాలు వేసి చూపినవారు. పంచముఖి అంటారు దాన్ని.

అంత మనకెందుకు గానీ, ఒక్క ఆది తాళం పట్టుకుందాం. కూర్చున్నచోటే తొడ మీద వేయండి. ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు. మళ్లీ దెబ్బ, అరచెయ్యి తిప్పి విసురు. ఇంకోసారి దెబ్బ, విసురు. ఎనిమిది అయ్యాయి. ఇది చేతికి వచ్చిందంటే హరికథలో అసలు తమాషా తెలుస్తుంది. దాసుగారు పాట మధ్యలో ఆపి పిట్టకథ చెబుతారు, జనం నవ్వుతారు. ఆ నవ్వు సద్దుమణిగేలోపే పల్లవి ఎత్తుకుంటారు. మృదంగం ఆయన కోసం కాచుకుని ఉంటుంది. ఆ ఎత్తుగడ సరిగ్గా తాళంలో పడిందా లేదా అన్నది మీ చెయ్యే చెబుతుంది.

శ్రీకాకుళం పల్లెల్లో తూర్పు భాగవతం ఆట చూసినవారికి ఈ తాళం తమాషా కొత్త కాదు. సత్యభామ నడకకు, మృదంగం దెబ్బకు జరిగే పోటీయే అక్కడ అసలు ఆకర్షణ.

హాల్లో ఎక్కడ కూర్చోవాలంటారా? మొదటి వరుస పెద్దలకు వదిలేయండి. లౌడ్‌స్పీకరు పక్కన మాత్రం వద్దు. మన హాళ్లలో మైకు హోరు ఎక్కువ, అది సంగీతాన్ని మింగేస్తుంది. హాలు నడిమధ్య కాస్త వెనగ్గా కూర్చుంటే వయొలిన్ కమాను లాగిన తీరు, తంబురా శ్రుతి విడివిడిగా తెలుస్తాయి.

ఈసారి మీ ఊళ్లో కచేరీగానీ హరికథగానీ జరిగితే పావుగంట ముందే వెళ్లండి. శ్రుతి చేసుకోవడం కూడా వినండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి, సెల్‌ఫోను ఇంట్లో పెట్టి వెళ్లండి.