‘ఇండిఫాటిగబుల్’ అను మాట
(ప్రసంగ పాఠము)



మన నివేదికలలోను సన్మాన పత్రములలోను ఒక ఇంగ్లీషు మాట తరచుగా కనబడుచుండును: ఇండిఫాటిగబుల్. పలుకుటకే ఆయాసము కలిగించు మాట! దీని మూలము లాటిన్. ‘ఫతిగారె’ అనగా అలయజేయుట. జ్వరము తగ్గిన తరువాత డాక్టర్లు చెప్పు ‘ఫెటీగ్’ కూడ అక్కడినుండి వచ్చినదే. కాబట్టి దీని భావము అలయనివాడని మాత్రమే కాదు, ఎంత పని పెట్టినను అలయజేయ శక్యము కానివాడని. ఎక్కువగా మనుష్యులకును వారి కృషికిని వాడుదురు. బ్రిటిషువారు యుద్ధనౌకకు కూడ ఈ పేరు పెట్టిరి. 1916 మే 31న జట్లండ్ యుద్ధములో ఆ నౌక పేలి మునిగిపోయెను. అందులోని వెయ్యిమందికి పైగా నావికులలో బ్రతికినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమందే.

తెలుగులో మనము ‘అలుపెరుగని’ అందుము, లేదా ‘అవిశ్రాంత’ అందుము. ఈ రెండవ మాటను కొంచెము ఆలోచించుడి. అవిశ్రాంత అనగా విశ్రాంతి లేని అని అర్థము. అలయనివాడు వేరు, విశ్రాంతి దొరకనివాడు వేరు. మనము మాత్రము ఇద్దరికిని ఒకే శాలువ కప్పుచున్నాము.

ఆ ఇంగ్లీషు మాటకు తగినవారెవరని నన్నడిగితే విలియం కేరీగారిని చూపుదును. 1793లో బెంగాలుకు వచ్చి, 1834లో శ్రీరాంపూరులో మరణించువరకు ఒక్కసారియైనను స్వదేశమునకు వెళ్లలేదు. 1812లో ముద్రణాలయము కాలి వ్రాతప్రతులు, అచ్చు అక్షరములు నాశనమైనను మరల మొదలుపెట్టిరి. 1814లో ఆయన తెలుగు వ్యాకరణము వెలువడినది. అయితే ఆయన మొదటి భార్య డోరతీగారు మొదట రానని చెప్పి, తరువాత బయలుదేరినవారు. ఇక్కడ ఐదేండ్ల కుమారుడు పీటరు 1794లో చనిపోయెను. ఆమె మతి చలించినది. 1807లో మరణించువరకు ఆ స్థితిలోనే యుండిరి. ప్రక్క గదిలో అనువాదము సాగుచుండెను. కేరీగారు అలయలేదని వ్రాయుట సులభమే. ఆ ఇంటి అలసట ఎవరు మోసిరో ఆ మాట చెప్పదు.

యోహాను సువార్త 4వ అధ్యాయములో ప్రభువే ప్రయాణపు బడలికతో బావియొద్ద కూర్చుండెను. సువార్తికుడు దానిని దాచలేదు.

కావున సన్మాన పత్రములు వ్రాయు కమిటీవారికి నా మనవి. అనేక గ్రామములకు ఒక్కరే ఉపదేశి యున్నచోట, ఆయనకు నెలలో ఏయే దినములు సెలవో, ఆ దినములలో ఆరాధన ఎవరు జరుపుదురో కూడ అదే కాగితముమీద వ్రాసి యిండు. వ్రాయుటకు ముందు ఆయన భార్యను కూడ అడుగుడి.