కనుమ దారి ఊళ్లు



ఎవరి పేర ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు హైస్కూల్లో భూగోళం చెప్పేవారు. పటంలో సరిహద్దు గీత కన్నా దాన్ని దాటిపోయే దారులనే ఎక్కువగా చూపించేవారని ఆయన శిష్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే ఇవాళ హిమాలయాల్లోని సరిహద్దు ఊళ్ల సంగతి ఎత్తుకున్నాను. వాటిలోనూ ముఖ్యంగా కాలింపాంగ్ గురించి మాట్లాడతాను.

ఇలాంటి ఊరిని మనం ‘దేశం చివర’ అంటాం. పర్యాటక శాఖ బోర్డులూ అదే అంటాయి. అరవై ఏళ్ల కిందటి దాకా ఆ మాట అక్కడివాళ్లకు వింతగా ఉండేది. కలకత్తా నుంచి లాసా పోయే దారికి కాలింపాంగ్ నడిమి మజిలీ. ఊరు కదల్లేదు. దారి తెగి చివరిదయింది.

తీస్తా నదికి తూర్పున, సుమారు 4,100 అడుగుల ఎత్తున, ఒక గట్టు మీద ఉంటుంది కాలింపాంగ్. లెప్చాల నేల అది. సిక్కిం ఏలుబడిలో ఉండి, 18వ శతాబ్దంలో భూటాన్ చేతికి పోయింది. 1865లో సించులా ఒప్పందంతో బ్రిటిష్ వారికి వచ్చింది. అప్పటికి అది కొద్ది ఇళ్ల పల్లె. దాన్ని పట్నం చేసింది ఉన్ని. అక్కడి నుంచి పెదోంగ్, రెనోక్ మీదుగా 14 వేల అడుగులు దాటిన జెలెప్ లా కనుమ ఎక్కితే అవతల చుంబీ లోయ, టిబెట్. 1904లో యంగ్‌హజ్‌బెండ్ నడిపిన బ్రిటిష్ సేన లాసా దాకా వెళ్లి బలవంతంగా ఒప్పందం రాయించుకున్నాక ఈ దారిన వ్యాపారం జోరందుకుంది. కంచరగాడిదల బిడారులు లాసా చేరడానికి మూడు వారాలు పట్టేది. వచ్చేటప్పుడు ఉన్ని బేళ్లు, జడలబర్రె తోకలు, కస్తూరి. పోయేటప్పుడు బట్ట, బియ్యం, ఇనుప సామాను, గడియారాలు. 13వ దలైలామా కోసం ఇండియా నుంచి కార్లను కూడా విడగొట్టి కనుమల మీదుగా మోయించారు. లాసాలో వాటిని నడపడానికి రోడ్లెక్కడివని అడక్కండి!

ఊళ్లో ‘పదో మైలు’ అనే చోట ఉన్ని గోదాములు వరసగా ఉండేవి. ఆడవాళ్లు కూర్చుని తెల్లది, నల్లది, గోధుమరంగుది విడదీసేవారు. బేళ్లు కలకత్తా రేవుకు, అక్కడి నుంచి అమెరికా తివాచీ మిల్లులకు పోయేవి. మార్వాడీ సేట్లు, నేపాల్ నుంచి వచ్చిన నేవార్ వర్తకులు, టిబెటన్ దొరలు, చైనీయులు, భూటానీలు అందరి ఖాతాలూ ఆ ఒక్క ఊళ్లో ఉండేవి. 1950 చివర్లో అమెరికా చైనా సరుకుపై నిషేధం పెట్టినప్పుడు టిబెట్ ఉన్ని కూడా ఆ వలలో పడి గోదాముల్లో గుట్టలుగా మిగిలిపోయింది. వాషింగ్టన్‌లో చేసిన సంతకం పదో మైలులో కూలిదాని రోజు గడవకుండా చేసింది.

వ్యాపారం ఉన్నచోటికి కబురు కూడా చేరుతుంది. కిన్నౌర్‌లోని పూ అనే మరో సరిహద్దు పల్లె నుంచి వచ్చిన దోర్జే తార్చిన్ 1925లో కాలింపాంగ్‌లో టిబెటన్ భాషలో ‘మెలోంగ్’ పత్రిక మొదలుపెట్టాడు. మెలోంగ్ అంటే అద్దం. ప్రపంచ వార్తల పక్కనే ఉన్ని ధర వేసేవాడు. నన్నడిగితే ఆ పత్రిక బతికింది ఆ ధరల వల్లే. రెండో ప్రపంచ యుద్ధం గురించి లాసా వర్తకుడు చదివింది బేరం పక్క కాలమ్‌లోనే. టిబెటన్ పండితుడు గెందున్ చోఫెల్, ప్రాచ్య భాషావేత్త జార్జ్ రోరిక్ ఈ ఊళ్లో గడిపారు. 1938లో పుట్టినరోజునాడు టాగూర్ ఇక్కడి గౌరీపూర్ హౌస్ నుంచే తన కవిత చదివితే ఆకాశవాణి ప్రసారం చేసింది. 1950లలో అన్ని దేశాల గూఢచారులూ ఇక్కడే తిష్ట వేశారని ప్రధాని నెహ్రూయే అన్నారు. ఊరు ఆ మాటను నేటికీ కాస్త గర్వంగానే చెప్పుకుంటుంది.

కనుమ మూతపడ్డది 1962 యుద్ధంతో అని అందరం అంటాం. నిజమే. కాని తుపాకీ పేలకముందే కాగితానికి కాలం చెల్లిపోయింది. పంచశీల పేరున మనం తలుచుకునే 1954 ఒప్పందం నిజానికి టిబెట్ వర్తకానికి సంబంధించింది. కాలింపాంగ్ పేరు అందులోనే ఉంది. గడువు ఎనిమిదేళ్లు. 1962 జూన్‌లో తీరిపోయింది, మళ్లీ రాసుకోలేదు. అక్టోబరులో యుద్ధం. మరుసటి ఏడాది మెలోంగ్ ఆగిపోయింది.

కుమావూన్‌లో మున్సియారికి పైనున్న మిలం కథ ఇంకా కఠినం. టిబెట్ వర్తకం చేసే శౌకాల ఊరది. బ్రిటిష్ సర్వే కోసం, కొలతకు తగ్గట్టు నూరు పూసలకు కుదించిన జపమాలతో అడుగులు లెక్కపెడుతూ 1866లో లాసా చేరిన నైన్‌సింగ్ రావత్ అక్కడివాడే. 1962 తర్వాత ఊరు దాదాపు ఖాళీ అయింది. 1967లో షెడ్యూల్డు తెగల గుర్తింపు వచ్చాక పిల్లలు చదువుకుని ఉద్యోగాల్లో చేరారు. కార్గిల్‌దీ ఇలాంటి కథే. అక్కడి నుంచి లేహ్, శ్రీనగర్, స్కర్దూ మూడింటికీ దారులుండేవి. స్కర్దూ సరిహద్దు అవతల పడి, ఆ దారి 1948 నుంచి మూతే.

2006లో సిక్కిం–టిబెట్ సరిహద్దులోని నాథూ లా కనుమను వర్తకానికి మళ్లీ తెరిచారు. పంపడానికి 29 రకాలు, తెచ్చుకోవడానికి 15 రకాలు అని జాబితా కట్టారు. ఎప్పటి కాలం కోసం రాశారో తెలియని జాబితా అది. ఆ కాస్త లాభమూ గాంగ్‌టక్ వైపే పోయింది. జెలెప్ లా తెరవలేదు.

ఇక కాలింపాంగ్‌లో చూడదగ్గవి. దుర్పిన్ కొండ మీద బౌద్ధారామం బాగుంటుంది, 1976లో దలైలామా ప్రతిష్ఠించారు. కాక్టస్ తోటలు, బుధ శనివారాల సంత, మబ్బు విడితే కాంచన్‌జంగ. పాత దారిని ‘సిల్క్ రూట్’ పేరుతో జులుక్ మలుపుల మీదుగా జీపుల్లో తిప్పుతారు. ఆ దారిన ఎక్కువగా నడిచింది ఉన్నే గాని పట్టు కాదు. ఫొటో దిగే చోట్ల కంటే పదో మైలు చూడమనే నా సలహా. అక్కడ టికెట్టు లేదు, చెప్పేవాడూ లేడు.

చెప్పేవాళ్లు ఉండాలంటే ఏం చేయాలో మిగతా ఊళ్లు చూపించాయి. కార్గిల్‌లో మున్షీ అజీజ్ భట్ 1920లో కట్టిన సరాయిలో దొరికిన సామాన్లు, ఉత్తరాలతో ఆయన వారసులే మ్యూజియం పెట్టారు. మున్సియారిలో షేర్ సింగ్ పాంగ్తే శౌకాల వస్తువులు పోగుచేసి మరొకటి నడిపారు. రెండూ సర్కారు పనులు కావు. కాలింపాంగ్ పద్దు పుస్తకాలు ఏ ఇంటి అటకల మీద ఉన్నాయో ఇంకా ఎవరూ అడగలేదేమో. మెలోంగ్ ప్రతులు మాత్రం కొన్ని న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఎవరైనా తెరిచి ఆనాటి ఉన్ని ధర చూసుకోవచ్చు.