గేటు బయట నిలబడిన ఇమాం సాబ్
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

సంఘం లెక్కలు కార్యదర్శిగారు చదువుతారు. మేము లెక్కలోకి రాని ఒక బాకీ గురించి మనవి చేస్తాము.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. మసీదులు మూతబడ్డాయి. ఏప్రిల్‌లో నరసరావుపేటలో కరోనా కేసులు పెరిగేసరికి మన పిడుగురాళ్లలో కూడా గుండెలు జారిపోయాయి. అప్పుడు మనవాళ్ళలో ఒక పెద్దావిడ వృద్ధాశ్రమంలో ఉండేది. సున్నపు బట్టీల దగ్గర జీవితమంతా రెక్కలు ముక్కలు చేసుకున్న మనిషి. పిల్లలు లేరు. ప్రతి శుక్రవారం జుమా అయ్యాక మన ఇమాం సాబ్ వెళ్ళి దుఆ చేసి వచ్చేవారు. ఆవిడ దుఆకి ఆమీన్ చెప్పి, వెంటనే ఈసారి మిర్చి ఏం ధర పలుకుతోందని అడిగేది. ఆ కబుర్ల కోసమే వారమంతా ఎదురుచూసేదని ఆయాలు చెప్పేవారు.

మార్చి తరువాత ఇమాం సాబ్‌ను గేటు దగ్గరే ఆపారు. ఆపినవారిని మేము తప్పుపట్టము. లోపల ఉన్నవారంతా ముసలివాళ్ళు. జూలైలో ఆవిడ పోయింది. చెవిలో కలిమా చెప్పిన మనిషి లేడు. మాకు మర్నాడు తెలిసింది. ఫోను చేయవచ్చునన్న ఆలోచనైనా మాకు రాలేదు. ఆ తప్పు ఎవరిదో కాదు, మాదే.

ఈమాన్ ఉన్నవాడు రోగానికి భయపడతాడా, గేటు తోసుకుని వెళ్ళాల్సింది అని కొందరన్నారు. అది సరికాదు. హజ్రత్ ఉమర్ సిరియాకు బయలుదేరి, దారిలో సర్గ్ అనే చోట అక్కడ ప్లేగు ఉందని విని, పెద్దలతో సంప్రదించి వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా అడిగితే, ఒక విధి నుంచి మరో విధికే వెళ్తున్నామని జవాబిచ్చారు. ప్లేగున్న ఊరికి పోవద్దు, ఉన్న ఊరు విడిచి రావద్దు అన్న ప్రవక్తగారి ఆదేశాన్ని అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ అప్పుడే వినిపించారు. ఆ అబూ ఉబైదా తన సైన్యాన్ని వదలక ఆ అమవాస్ ప్లేగులోనే చనిపోయారు. వెనుదిరిగినవారూ గొప్పవారే, లోపల ఉండిపోయినవారూ గొప్పవారే.

మరి రోగిని పలకరించే బాధ్యత మాటేమిటి? అది రద్దు కాలేదు. లోపల ఉన్నవారి చేతికి వచ్చింది, అంతే. మన ఆశ్రమాల్లో లోపల ఉండేది ఎవరు? ఆయాలు, నర్సులు. చాలామంది హిందూ, క్రైస్తవ సోదరీమణులు. వారితో మనం ఏనాడైనా ఒక్క మాట చెప్పామా?

అమెరికాలో 2020 మార్చిలో వృద్ధుల నర్సింగు హోముల్లోకి సందర్శకులను ఆపేశారు, చివరి ఘడియల్లో తప్ప. సెప్టెంబరు 17న ఇచ్చిన ఉత్తర్వులో, ఓదార్పు కోసం వచ్చేవారిలో మతగురువులను కూడా లెక్కవేయవచ్చని స్పష్టం చేశారు. అంత పెద్ద దేశానికే ఆర్నెల్లు పట్టింది. మనం ముందే అనుకుని ఉంచుకుంటే మంచిది.

కాబట్టి ఈ ఏడాది ఒక అట్టముక్క అచ్చు వేయిస్తున్నాము. మనవారి మంచం పక్కన ఉంచడానికి. అందులో ఇమాం సాబ్ ఫోను నంబరు ఉంటుంది. ఖిబ్లా ఏ వైపో, పెదవులు నీళ్ళతో ఎలా తడపాలో తెలుగులో ఉంటుంది. కలిమా ఆయా చెప్పనక్కరలేదు. ఫోను చెవి దగ్గర పెడితే చాలు, అర్ధరాత్రయినా ఇమాం సాబ్ చెబుతారు. మన నూర్‌బాషా అమ్మలకు ఉర్దూ రాదు గనుక తెలుగులో మాట్లాడేవారొకరు ఆయన పక్కన ఉండాలి. మాస్కు, కవరు తొడుక్కుని లోపలికి పోనిస్తే వెళ్ళడానికి ఇద్దరు యువకులు నేర్చుకుంటే ఇంకా మేలు. పాస్టరుగారికి, పూజారిగారికి కావాలన్నా అట్టలు ఇస్తాము.

పేర్లు ఇచ్చేవారు సభ అయ్యాక కార్యదర్శిగారిని కలవండి. ఏ ఆశ్రమంలో మనవారు ఎందరున్నారో ఆ జాబితా ఇంకా మా దగ్గర లేదు. తెలిసినవారు అది కూడా రాయించండి.