ఆపత్సంకేత యంత్రము: దాని కాలపరిమితి, నూతన రూపము

(సంఘ వార్షిక మహాసభయందొసగబడిన ఉపన్యాసము)



బాలబాలికల విద్య, సహకార సంఘములు, వివాహవ్యయము మున్నగు విషయములను గూర్చి ఈ వేదికనుండి పెద్దలు పలుమారు ప్రసంగించియున్నారు. నేడు నాకు నియమింపబడిన విషయము చూపునకు చిన్నది. ఒక మనుష్యుడు చేతబట్టి ఎత్తదగిన పరికరమునకు సంబంధించినది. అయినను వేటకు పోయినవాడు ఇల్లు చేరుటయు, చేరకుండుటయు కొన్ని వేళల దానిపైననే ఆధారపడియుండును. అదియే ఆపత్సంకేత యంత్రము. ఇంగ్లీషున దీనిని బీకన్ అందురు. బాలురకు శబ్దమంజరియు అమరమును చెప్పి కాలము గడపిన నాకు యంత్రశాస్త్రమున అధికారము లేదు. తెలిసినవారివలన తెలిసికొన్నదానిని మన భాషలో మనవారికి చెప్పుట మాత్రము ఉపాధ్యాయుని ధర్మమని తలచి సాహసించుచున్నాను.

1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన పెనుతుఫానును ఈ సభయందలి నెరిసిన తలలవారెవ్వరును మఱచియుండరు. గోదావరీ ముఖద్వారముల చెంతనున్న భైరవపాలెము, బలుసుతిప్ప మున్నగు పల్లెలు ఆ రాత్రి చెప్పనలవిగాని నష్టము పొందినవి. వేటకు పోయినవారు వందలకొలది మరల రాలేదు. అనేకుల దేహములును దొరకలేదు. మరణించెనని తెలిసినవానికి తిలోదకములు విడువవచ్చును. ఏమైనాడో తెలియనివానికి ఏమి చేయవలయును? ఏడేండ్లు వార్త వినబడనివానిని మృతునిగా నెంచుట మన దేశపు సాక్ష్యశాసనమునందలి సాధారణ నియమము. అంతవరకు వాని భార్య సువాసినియో కాదో ఆమెకే తెలియదు. వాని పిల్లలకు రావలసినది వచ్చునో రాదో ఎవ్వరును చెప్పజాలరు. సముద్రము మనుష్యుని మ్రింగుట యొక దుఃఖము. ఎచ్చట మ్రింగెనో చెప్పువాడు లేకుండుట రెండవ దుఃఖము. మొదటిదానిని అన్నివేళల ఆపజాలము. రెండవదానిని ఆపుటకును, అదృష్టమున్నచో మొదటిదానినే తప్పించుటకును, నేడు సాధనము కలదు.

ఆ సాధనము పనిచేయు తీరు సులభముగ బోధపడునదే. యంత్రముయొక్క మీట నొక్కినతోడనే రేడియో సంకేతము పుట్టి ఆకాశమందలి ఉపగ్రహమును చేరును. ఉపగ్రహము దానిని భూమిపైనున్న కేంద్రమునకు దింపును. అచ్చటివారు పడవ ఎవరిదో, ఎచ్చటనున్నదో గుర్తించి రక్షకదళమునకు తెలుపుదురు. 1979వ సంవత్సరమున కెనడా, ఫ్రాన్సు, అమెరికా, సోవియట్ రష్యా అను నాలుగు రాజ్యములు కూడి ఇట్టి ఏర్పాటునకు ఒడంబడిక చేసికొన్నవి. కాస్పాస్-సార్సాట్ అని దానికి పేరు. 1982 సెప్టెంబరులో కెనడాయందు కూలిన ఒక చిన్న విమానమునందలి ముగ్గురు దీనివలన మొట్టమొదట బ్రతికిరి. పరస్పరము ఆయుధములు గురిపెట్టుకొనియున్న రాజ్యములు ఆర్తుని మొఱ వినుటయందు ఏకమైనవని మనము గమనింపదగును.

మన దేశమున ఇస్రో సంస్థ మత్స్యకారుల కొఱకై నిర్మించిన యంత్రము 2010వ సంవత్సరమునుండి వాడుకలో నున్నది. డాట్ అని దానిని పిలుచుచున్నారు. పడవ మునుగుట, అగ్ని పుట్టుట, మనుష్యుడు నీట పడుట, వైద్యము కావలసియుండుట అను ఆపదలలో నేది కలిగినదో దానియందే సూచింపవచ్చును. సంకేతము బెంగుళూరునందలి కేంద్రమునకు చేరి, అచ్చటినుండి తీరరక్షకదళమువారి సమన్వయ కేంద్రములకు పోవును. అట్టి కేంద్రములు ముంబయి, చెన్నై, నేడు శ్రీవిజయపురమని పిలువబడు పోర్టుబ్లెయిరు నగరములందున్నవి. ఇట్టి యంత్రములు 20,000కు పైగా వాడుకలోనికి వచ్చినట్లు ఇస్రోవారు 2024వ సంవత్సరమున తెలిపిరి.

ఇంతవరకు చెప్పినది యంత్రముయొక్క మహిమ. ఇక దాని వార్ధక్యమును గూర్చి చెప్పవలసియున్నది. నా ఉపన్యాసమునకు ముఖ్యవిషయము ఇదియే. వలకు చిరుగు కనబడును; పడవకు నీరు కారును; ఇంజను పాడైనచో చప్పుడే చెప్పును. ఈ యంత్రమో, వేటకు పోయిన ప్రతిదినమును మౌనముగ నుండును. బ్రతికియున్నను మౌనమే, చచ్చియున్నను మౌనమే. అందుచేత దాని వయస్సును మనమే లెక్కపెట్టవలయును. ఆ వార్ధక్యము మూడు విధములు.

మొదటిది బ్యాటరీ వార్ధక్యము. ఓడలయందుంచు బీకనునందలి బ్యాటరీ, మీట నొక్కిన పిదప కనీసము 48 గంటలు సంకేతము పంపవలయునని నియమము. ఆ శక్తి పెట్టెలో నూరకయున్నను క్రమముగ తరుగును. బ్యాటరీ మార్చవలసిన తేదీని యంత్రముపైననే ముద్రింతురు. ఆ తేదీ దాటిన యంత్రము దీపము వెలిగింపవచ్చును. కాని రెండవ రాత్రి తెల్లవారువరకు మొఱపెట్టునని నమ్మరాదు. ఒకమారు నిజమైన ఆపదలో వాడినచో, తేదీ రాకున్నను బ్యాటరీ మార్చవలసినదే.

రెండవది బంధనముయొక్క వార్ధక్యము. పెద్ద ఓడలయందు, ఓడ మునిగినపుడు నీటియొత్తిడిచేత కట్టు తెగి బీకను తనంతట పైకి తేలునట్లు చిన్న పరికరము నమర్చుదురు. దానిని సాధారణముగ రెండేండ్లకొకమారు మార్చవలయును. మార్చనిచో బీకను బ్రతికియుండియు ఓడతోపాటు అడుగునకు పోవును. ఓడలపై ఉద్యోగములు చేయుచున్న మన యువకులు దీనిని ప్రత్యేకముగ గుర్తుంచుకొనవలయును.

మూడవది మిక్కిలి విచిత్రమైనది. యంత్రము క్రొత్తదే, బ్యాటరీ నిండుగనే యున్నది. కాని ఆకాశమున వినువాడు లేడు! పూర్వపు బీకనులు 121.5 మెగాహెర్ట్‌జు అను శ్రుతిలో పలుకుచుండెడివి. కల్లసంకేతములు మితిమీఱుటచేత 2009 ఫిబ్రవరి 1వ తేదీనుండి ఉపగ్రహములు ఆ శ్రుతిని వినుట మానినవి. అప్పటినుండి 406 మెగాహెర్ట్‌జు శ్రుతిలో పలుకు బీకనులకే ఉపగ్రహములు చెవియొగ్గుచున్నవి. ఆనాడు పాతవానినే నమ్ముకొని సముద్రమునకు పోయినవారి స్థితి, వ్యవహారమునుండి తొలగిన నాణెమును మూటగట్టుకొని సంతకు పోయినవాని స్థితి వంటిది.

యంత్రముల సూక్ష్మతయందును భేదము కలదు. స్థానమును తాను తెలిసికొనలేని పాత బీకనును ఉపగ్రహగతినిబట్టి సుమారు 5 కిలోమీటర్ల లోపున గుర్తింతురు. స్థాననిర్ణయ సాధనము గల క్రొత్తది సుమారు 100 మీటర్ల లోపున చూపును. బడిపిల్లవాడైనను లెక్క కట్టవచ్చును: మొదటిదానికి వెదకవలసిన నీటి వైశాల్యము రెండవదానికంటె 2,500 రెట్లు. నీటిలో తేలుచున్నవానికి ఈ లెక్క గణితము కాదు, ప్రాణము.

ఇక నూతన రూపము. 2024వ సంవత్సరమున ఇస్రోవారు ప్రకటించిన రెండవతరపు డాట్ యంత్రమునందలి విశేషము ప్రత్యుత్తరము. మొదటి యంత్రముతో మనవాడు మీట నొక్కి, విన్నారో లేదో యెఱుగక ఆకాశమువంక చూచుచుండవలసినదే. క్రొత్తదానియందు సంకేతము అందినదని కేంద్రమునుండి మరల తెలియజేయుదురు. సహాయము వచ్చుచున్నదని యెఱిగినవాడు పడవను విడువడు, తోడివారి చేయి విడువడు, ధైర్యమును విడువడు. అంతేగాక తుఫాను హెచ్చరికలును, చేపలు దొరకు తావుల సమాచారమును ఆ యంత్రమే అందుకొనును. దానిని సెల్‌ఫోనుతో కలిపి మన భాషయందే చదువుకొనవచ్చును. హైదరాబాదునందలి ఇన్‌కాయిస్ సంస్థవారు 2019వ సంవత్సరమున వెలువరించిన జెమిని పరికరము హెచ్చరికలను అందించెను గాని, మన మాటను ఒడ్డునకు చేర్చజాలదయ్యెను. ఇప్పుడు చెప్పుటయు వినుటయు ఒకచోట చేరినవి. లక్ష వేటపడవలకు ఇట్టి రెండువైపుల మాటలాడు యంత్రములను అమర్చు పథకము 2024 ఆగస్టు 30వ తేదీన మహారాష్ట్రమందలి పాల్ఘరున ప్రారంభింపబడినది.

ఇట పూర్వపక్షములు కొన్ని వినవచ్చుచున్నవి. సెల్‌ఫోను చాలదా యని కొందఱు. ఒడ్డు కనుమరుగైన కొంతసేపటికే అది మూగవోవును. నాలుగు పడవలు కలిసి పోవుదుము గదా యని మఱికొందఱు. తుఫాను నాలుగింటిని నాలుగు దిక్కులకు విసరును. నక్షత్రములు చూచి దారి తెలిసిన తాతలకు యంత్రములుండెనా యని వేఱొకరు. తాతల విద్యకు నమస్కారము. ఆ విద్య మనమెచ్చటనున్నామో మనకు చెప్పును, ఒడ్డుననున్నవారికి చెప్పదు. గజేంద్రుడంతటి బలవంతుడును తన బలము చాలదని తెలిసికొన్నపుడు మొఱపెట్టుటకు సిగ్గుపడలేదు.

కావున నా విన్నపములు నాలుగు. తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు వేటనిషేధ కాలము. వలలు బాగుచేసికొని, పడవలకు రంగులు వేయు ఆ దినములలోనే ప్రతి రేవునందును యంత్రములన్నింటిని ఒకచోట జేర్చి, తేదీలు చదివి, గడువు తీరినవానిని వేఱుచేయవలయును. చదువుకొన్న మన బాలురు ఈ పనికి చాలుదురు. రెండవది, పడవ అమ్మినను కొన్నను యంత్రము నమోదుపత్రమునందలి పేరు, చిరునామా, ఫోను సంఖ్య మార్పింపవలయును. లేనియెడల ఒకరు ఆపదలోనుండగా మఱియొకరి తలుపు తట్టుదురు. మూడవది, పొరపాటున మీట నొక్కబడినచో భయపడి దాచిపెట్టక వెంటనే తీరరక్షకదళమువారి 1554 సంఖ్యకు తెలుపవలయును. నాలుగవది, యంత్రమును ఇంటి పెట్టెలో భద్రపరుపరాదు. అది పడవయందు, సరంగు చేతికందునంత దూరమున, కలాసీలందఱకును వాడుక తెలిసియుండవలయును. ఆపత్సమయమున సరంగే నీటిలోనుండవచ్చును గదా!

సోదరీమణులారా! చివరిమాట మీతో. భర్తకు, కుమారునకు అన్నము మూటగట్టి యిచ్చునది మీరే. ఇకమీదట ఆ మూటతోపాటు ఒక ప్రశ్నయు నీయుడు: "యంత్రము పడవలో నున్నదా? దాని తేదీ యేది?" ప్రభుత్వమువారి ఉత్తరువుకంటె ఈ ప్రశ్నకు బలమెక్కువ. సముద్రుడు మనకు అన్నదాత. కాని వానికి గడువులు తెలియవు, క్షమయు తెలియదు. గడువులు తెలిసికొనవలసినది మనమే.